పాత నవలలకూ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య రావిశాస్త్రి ‘అల్పజీవి’, గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ వెంటవెంటనే చదివాను. నేను పండితుణ్ణి కాను, తీరిక దొరికితే నవల పట్టుకునే మామూలు పాఠకుణ్ణి. ‘అల్పజీవి’ కథానాయకుడు సుబ్బయ్య, ఎవరైనా కాస్త గట్టిగా మాట్లాడితే చాలు, లోపల్లోపలే ముడుచుకుపోతాడు. ఆ భయం చదువుతుంటే నాకే టెన్షన్ వచ్చింది. ఒక గుమాస్తా మనసులో పరుగెత్తే ఆలోచనల్ని అలా పట్టుకోవడం రావిశాస్త్రికే చెల్లింది. ‘అసమర్థుని జీవయాత్ర’ నాయకుడు సీతారామారావు మీద మాత్రం నాకు జాలి కంటే కోపమే ఎక్కువ. వంశ ప్రతిష్ఠ అంటూ ఆస్తి కరగబెట్టి, ఆ ఉక్రోషం ఇంట్లోవాళ్ల మీద చూపిస్తాడు. భార్య ఇందిర వైపు నుంచి ఈ కథ ఎవరైనా రాస్తే బాగుండును!

మీ ఆదివారం అనుబంధంలో కొత్త పుస్తకాల పక్కన ఇలాంటి నవలల గురించి కూడా రాయించండి.

- ఒక పాఠకుడు