గుంటూరు సరుకు

ఆర్గాన్ దొరగారికి,

నీ రెండు ఉత్తరాలకూ మూడు నెలలుగా జవాబు రాయనందుకు క్షమించు. ఇంట్లో అందరమూ క్షేమం, అమ్మాయి ఇంటర్ గట్టెక్కింది, మేడ మీది గదికి ఇంకా తలుపులు పెట్టించలేదు. మిగతా కబుర్లు తరువాత రాస్తాను; నిన్న సాయంత్రం జరిగినది మాత్రం నీకు చెప్పకపోతే నాకు అన్నం సహించేలా లేదు.

నడుము నొప్పి ఎక్కువైందని నాన్నగారిని ఇక్కడి స్కానింగ్ సెంటరుకు ఎమ్మారైకి తీసుకువెళ్లాను. యాభై ఏళ్లుగా ఒంటి మీద ఉన్న వెండి మొలతాడు తీయనని ఆయన పెట్టిన పేచీ తీరేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటా, లోపల ఎవరూ లేకపోయినా, యంత్రం పిట్టలా లయగా కిచకిచలాడుతూనే ఉంది. ఆ చప్పుడేమిటని టెక్నీషియన్ కుర్రాడిని అడిగాను.

"అది ఆగితే మాకు నిద్ర ఉండదండీ, లోపలి హీలియం ఆవిరైపోకుండా చల్లబరిచే యంత్రం అది" అన్నాడు.

నేను కుర్చీ అతని పక్కకు జరుపుకున్నాను. అయస్కాంతపు తీగచుట్ట మునిగి ఉండే ఆ ద్రవం మైనస్ 269 డిగ్రీల దగ్గర మరుగుతుందట. అంత చలిలో తీగకు నిరోధమే ఉండదు కనుక, ఒకసారి ఎక్కించిన విద్యుత్తు అలా తిరుగుతూనే ఉంటుంది, అయస్కాంతాన్ని స్విచ్చి నొక్కి ఆపడం కుదరదు. ఇంతకుముందు అతను పనిచేసిన చోట ఎవరో ఇనుప సిలిండరును లోపలికి తీసుకువెళ్తే అది ఎగిరిపోయి యంత్రానికి అతుక్కుందట, దాన్ని విడిపించడానికి హీలియం మొత్తం బయటికి వదిలేయవలసి వచ్చిందట. లీటరు ద్రవం ఏడు వందల లీటర్లకు పైగా వాయువై ఉబ్బుతుంది కదా, గొట్టంలోంచి తెల్లటి మబ్బు మేడ మీదికి లేచిందని చేతులు చాపి చూపించాడు. ఆ గొట్టమే లేకపోతే గదిలోని ప్రాణవాయువును అది తోసేస్తుందని, విషం కాకపోయినా మనిషికి ఊపిరి అందదని అతను చెబుతున్నప్పుడే నాన్నగారిని లోపలికి తీసుకువెళ్లారు. ఆ కాసేపూ నా నవ్వు ఆగిపోయింది, అది వేరే సంగతి.

తరువాత నేను ఊరుకోలేదు. నీ యంత్రంలోని హీలియం కథలో మన ఊరూ ఉందన్నాను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రాన్సు నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటాన్ని, అంటే వాటి వెలుగును రంగుగీతలుగా విడదీసి, ఈ గుంటూరులోనే చూశాడని, మరునాడు గ్రహణం లేకుండానే మళ్లీ చూడగలిగాడని చెప్పాను. "మిర్చియార్డు ఉన్న ఈ ఊళ్లోనా?" అని అతను నవ్వాడు.

ఇక్కడే నీ మొహం గుర్తుకు వచ్చింది. హాస్టల్లో నువ్వు "మా బందరు మాటేమిటి?" అని బల్ల గుద్దేవాడివి. ఒప్పుకుంటున్నాను, రాసి ఇస్తున్నాను: మద్రాసు వేధశాలకు చెందిన పాగ్సన్ మీ బందరు నుంచే ఆ వర్ణపటంలో ఒక పసుపు గీతను చూశాడు, సోడియం వెలుగులో కనిపించే గీత దగ్గర అన్నాడే తప్ప అదేనని తేల్చలేదు. అది సోడియం కాదని ఇంగ్లండులో లాకియర్ అనే ఖగోళ శాస్త్రవేత్త అదే ఏడాది గుర్తించాడు. ఆ గీతకు కారణమైన కొత్త మూలకానికి సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అని పేరొచ్చింది. భూమి మీద దాన్ని రసాయన శాస్త్రవేత్త రామ్సే ఒక యురేనియం ఖనిజంలోంచి తీసేసరికి 1895 వచ్చింది. అంటే ముందు సూర్యుడిలో దొరికి, 27 ఏళ్లకు కాళ్ల కింద దొరికింది! ఎవరితోనూ కలవని జడవాయువు కనుక దాక్కోవడం దానికి తేలిక; నువ్వు పెళ్లిళ్లలో ఓ మూల కూర్చున్నట్టు.

నాన్నగారు బయటికి వచ్చి అంతా విని, "మన ఊరి సరుకే అయితే మన దగ్గర ఇంత డబ్బు ఎందుకు పిండుకుంటున్నారురా?" అన్నారు. సరుకు ఖతర్ నుంచో అమెరికా నుంచో వస్తుందని, గాలిలో పది లక్షల పాళ్లకు ఐదు పాళ్లే ఉంటుందని, జారిపోయినది అంతరిక్షంలోకి పోతుందే తప్ప తిరిగి రాదని చెప్పబోయాను కానీ, ఆయన అప్పటికే మొలతాడు వెతుక్కుంటున్నారు.

రిపోర్టు ఇవాళ సాయంత్రం వస్తుంది. దాన్ని తలచుకుంటే మనసు… మాత్రల వేళయిందని లోపలి నుంచి పిలుస్తున్నారు, శ్రీహరికోట రాకెట్లలో కూడా ఇది

— నీ హీలియం