నాన్న మళ్లీ చెప్పులు వేసుకున్నారు

మొన్న సాయంత్రం నాన్న రెండు కాళ్లకూ చెప్పులు వేసుకుని, వీధి చివరి పాలబూత్ దాకా నడిచి వెళ్లొచ్చారు. పద్నాలుగు నెలల తర్వాత. చేతిలో రెండు పాల ప్యాకెట్లతో గుమ్మంలో నిలబడితే అమ్మకి మాట రాలేదు. ఈ రోజు కోసం మా వెంట నిలబడినవాళ్లకి అందరి ముందూ నమస్కారం పెట్టుకోవాలనే ఈ పోస్టు.

నాన్నకి ఇరవై ఏళ్లుగా షుగర్. కుడి అరికాల్లో పుండు పడి, అందులో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా చేరింది. కట్టు విప్పినప్పుడల్లా గాజుగుడ్డ మీద పచ్చటి మరక, ఒక రకమైన తియ్యటి కుళ్లు వాసన. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులోంచి పోలేదు. కల్చర్ రిపోర్టులో ఒక్క కొలిస్టిన్ తప్ప అన్ని మందుల ఎదురుగా ‘ఆర్’ అనే ఉంది, అంటే పనిచేయవని. కొలిస్టిన్ కిడ్నీలని దెబ్బతీయొచ్చు, నాన్న కిడ్నీలు అసలే అంతంతమాత్రం. పాదం తీసేయాలన్న మాట కూడా వచ్చింది.

మొదటి నమస్కారం విద్యానగర్‌లో మా వెనక వీధి మేడమ్‌కి. డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పి రిటైరయ్యారు. బ్యాక్టీరియాని మాత్రమే చంపే వైరస్‌లు ఉంటాయని, వాటిని ఫేజ్‌లంటారని ఆవిడే చెప్పారు. 1917లో ఫెలిక్స్ డెరెల్ అనే శాస్త్రవేత్త వాటికి ఆ పేరు పెట్టాడట, 1920ల్లో మన దేశానికే వచ్చి కలరా రోగులకి ఇచ్చి చూశాడట. జార్జియాలోని టిబిలిసిలో 1923లో మొదలైన, ఫేజ్‌లతో వైద్యం చేసే ఇన్‌స్టిట్యూట్ ఇప్పటికీ ఉంది. నాన్నని అక్కడికే తీసుకెళ్లాం.

అక్కడే ఎంబీబీఎస్ చదువుతున్న మా కాలనీ అబ్బాయి, సొంత మనవడిలా నాన్న వీల్‌చైర్ తోశాడు, డాక్టర్ల మాటలు తెలుగులో చెప్పాడు. నాన్న పుండులోని బ్యాక్టీరియాని పెంచిన ప్లేటు ఫొటో కూడా పంపాడు. మంచు పట్టిన అద్దం మీద వేలితో చుక్కలు పెట్టినట్టు, ఫేజ్ వేసిన చోటల్లా తేటగా ఉంది, అంటే అక్కడ బ్యాక్టీరియా చచ్చిందని. మొదట ప్రయత్నించిన ఫేజ్‌కి ఒక్క చుక్క కూడా రాలేదు. అదే జాతి బ్యాక్టీరియా అయినా అన్ని ఫేజ్‌లకీ లొంగదని అప్పుడు అర్థమైంది.

“సెలైన్‌లో ఎక్కించొచ్చు కదా?” అని నాన్న అడిగారు. రక్తంలోకి వెళ్తే లివరు, ప్లీహం వాటిని పరాయివిగా పట్టుకుని కొద్ది గంటల్లోనే చాలావరకు వడగట్టేస్తాయని మేడమ్ చెప్పారు. పైగా షుగర్ పాదానికి చాలాసార్లు రక్తమే సరిగా అందదు. అందుకే తిన్నగా పుండు మీదే వేశారు. “ఇవి మాత్రల్లాంటివి కావండీ. బ్యాక్టీరియా దొరికినచోట పెరుగుతాయి, అది అయిపోతే ఇవీ తగ్గిపోతాయి” అన్నారు. ఒక్క ఫేజ్ లోపలికి దూరితే, అరగంట అటూఇటూగా ఆ బ్యాక్టీరియా పగిలి పదుల కొద్దీ, కొన్ని రకాల్లో వంద దాకా కొత్తవి బయటికొస్తాయట.

హైదరాబాద్ తిరిగొచ్చాక, ఫ్రిజ్‌లో పెట్టుకున్న ఫేజ్ ఆంప్యూల్స్ (చిన్న గాజు సీసాలు) రోజూ పుండు మీద వేస్తుండగా ఒక రాత్రి నాన్నకి చలిజ్వరం వచ్చింది. నా చేతులు వణికాయి, ఇక ఆపేద్దామనుకున్నాను. రాత్రి పదకొండింటికి ఫోన్ ఎత్తి, “బ్యాక్టీరియా పగిలినప్పుడు దాని గోడలోని విషపదార్థం బయటపడి జ్వరం రావచ్చు. అదేనని అనుకుని మాత్రం ఊరుకోవద్దు, ఇప్పుడే డాక్టర్‌కి చూపించు” అన్నారు మేడమ్. మా సర్జన్ గారు ఆ రాత్రే చూసి, రక్తపరీక్షలు చేయించి, కొనసాగించమన్నారు. ఆ ఒక్క ఫోన్ లేకపోతే వైద్యం సగంలో ఆగిపోయేది.

కొన్ని వారాలకి పుండు మానడం ఆగింది. ఒంట్లో ఫేజ్‌కి విరుగుడుగా యాంటీబాడీలు పుట్టొచ్చు, లేదా ఫేజ్ పట్టుకునే చోటుని బ్యాక్టీరియానే మార్చుకోవచ్చు. మళ్లీ కల్చర్ చేస్తే, ఇంతకుముందు ‘ఆర్’ ఉన్న ఒక మందు ఎదురుగా ‘ఎస్’ ఉంది, అంటే పనిచేస్తుందని! ఫేజ్‌ని తప్పించుకోబోయి బ్యాక్టీరియా ఒక్కోసారి యాంటీబయాటిక్‌కి దొరికిపోతుందట. వేరే ఫేజ్, ఆ మందు కలిపి ఇచ్చారు. కాబట్టి ఫేజ్ ఒక్కటే నయం చేసిందని నేను చెప్పను. సర్జన్ గారు, ఎండలో కూడా ఒక్కరోజు మానకుండా వచ్చి కట్టు మార్చిన సిస్టర్ గారు, అందరి చేతులూ ఇందులో ఉన్నాయి. సిస్టర్ గారూ, మీ ఓపికకి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం.

మేడమ్, ఆదివారం నాన్నే మీ ఇంటికి వస్తారట. కింద నుంచి పిలుస్తాం, మీరు దిగి రావద్దు. మీ రెండో అంతస్తు మెట్లు తానే ఎక్కుతానని ఒకటే పట్టు.