దాడి సరే, ఆ తర్వాత ఏం చేస్తారు?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఎక్కడ ఉగ్రదాడి జరిగినా టీవీల్లో, పత్రికల్లో ప్రతీకారం ఎప్పుడు, ఎంత గట్టిగా అన్న చర్చే రోజుల తరబడి నడుస్తోంది. అమాయకుల్ని చంపినవాళ్లను వదలకూడదు, అందులో నాకు రెండో మాట లేదు. కానీ తర్వాత ఏం చేస్తారు, ఎక్కడ ఆపుతారు అని అడిగినవాళ్లను శత్రువుల కింద జమకట్టడం చూస్తుంటే బాధేస్తోంది.

2001 సెప్టెంబర్ 11 దాడులు జరిగిన మూడు రోజులకే అమెరికా ప్రతినిధుల సభ 420-1 ఓట్లతో సైనిక చర్యకు అనుమతిచ్చింది. అందులో ఏ దేశం పేరూ లేదు, గడువూ లేదు. వద్దన్న ఒకే ఒక్క సభ్యురాలు బార్బరా లీకి చంపేస్తామని బెదిరింపులొచ్చాయి. ఆ అనుమతితో మొదలైన అఫ్గానిస్తాన్ యుద్ధం ఇరవై ఏళ్లు సాగింది, చివరికి 2021 ఆగస్టు 15న కాబూల్ మళ్లీ తాలిబన్ల చేతికే వచ్చింది.

ఇరాక్ కథ ఇంకా ఘోరం. సామూహిక విధ్వంస ఆయుధాలున్నాయంటూ 2003లో దాడి చేశారు, ఆ నిల్వలు దొరకనే లేదు. పైగా ఆ మే నెలలో అమెరికా పాలనాధికారి పాల్ బ్రెమర్ ఇరాక్ సైన్యాన్నే రద్దు చేసేశాడు, తుపాకీ పట్టడం తెలిసిన లక్షల మంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. వాళ్లంతా ఉగ్రవాదులయ్యారని అనడం లేదు, కానీ 2014 జూన్‌లో మోసుల్‌ను ఆక్రమించిన ఐసిస్ నాయకత్వంలో సద్దాం కాలం నాటి సైనికాధికారులు ఉన్నారు. ఇలా కారణాలు చెబితే ఉగ్రవాదాన్ని సమర్థించినట్టు ఎలా అవుతుంది?

సైన్యం అవసరం లేదని నా ఉద్దేశం కాదు. డబ్బు దారులు మూసే పనికీ ఫలితం ఉంటుంది, అది నెమ్మదిగా వస్తుంది. ఉగ్రవాదులకు నిధులు అందకుండా చూసే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఏటీఎఫ్, లోపాలున్న దేశాలను నిఘాలో పెట్టే గ్రే లిస్టులో 2018 నుంచి 2022 దాకా పాకిస్తాన్ ఉంది. ఆ ఒత్తిడి నడుస్తుండగానే, 2020లో లాహోర్ కోర్టు, ముంబై దాడుల సూత్రధారి అని భారత్ చెప్పే హఫీజ్ సయీద్‌కు ఉగ్రవాద నిధుల కేసుల్లో జైలుశిక్ష వేసింది. ముంబై దాడుల బాధితులకు అది పూర్తి న్యాయం కాదు, నిజమే. అయినా అది ఎలా సాధ్యమైందో పాఠకులకు వివరంగా చెప్పాలి కదా?

ఈసారి ఏ ప్రభుత్వమైనా ఉగ్రవాదంపై సైనిక చర్య ప్రకటిస్తే, లక్ష్యమేంటి, ఎప్పుడు ఆపుతారు, పౌరుల మాటేంటి అని మీ పత్రిక మొదటి రోజే, మొదటి పేజీలోనే అడగాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు