వార్షిక నివేదిక 2024–25: ఆదివారం ఇంగ్లిష్ సంభాషణ తరగతి

గౌరవ సభ్యులకు నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన సంఘం జరిపిన బతుకమ్మ, సంక్రాంతి, ఉగాది వేడుకల వివరాలూ జమాఖర్చుల పట్టికా విడిగా మీకు అందుతాయి. ఈ నివేదికను పూర్తిగా ఆదివారం మధ్యాహ్నం తరగతికే కేటాయించాలని కార్యవర్గం నిర్ణయించింది. ఇక్కడి కేర్ హోముల్లోనూ ఆసుపత్రి వార్డుల్లోనూ సహాయకులుగా పనిచేస్తున్న మన సభ్యుల్లో చాలామంది ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో బీఎస్సీ నర్సింగో, జీఎన్‌ఎమ్ అనే నర్సింగ్ డిప్లొమానో పూర్తిచేసి, ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీలు చేసి వచ్చినవారే. బ్రిటన్‌లో రిజిస్టర్డ్ నర్సుగా నమోదు కావడానికి వీరిలో పలువురికి అడ్డుపడుతున్నది వైద్య పరిజ్ఞానం కాదు, ఇరవై నిమిషాల సంభాషణ.

ఈ సంగతి తెలియని సభ్యుల కోసం నియమాలు క్లుప్తంగా చెబుతాము. బ్రిటన్‌లో నర్సుల నమోదు చూసే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ రెండు ఇంగ్లిష్ పరీక్షలను అంగీకరిస్తుంది. ఐఈఎల్‌టీఎస్ అయితే వినడం, చదవడం, మాట్లాడడంలో 7, రాయడంలో 6.5 రావాలి. ఓఈటీ (ఆక్యుపేషనల్ ఇంగ్లిష్ టెస్ట్) అయితే మొదటి మూడింటిలో బీ గ్రేడు, అంటే 500కు 350, రాయడంలో సీ ప్లస్, అంటే 300 రావాలి. మన తరగతికి వచ్చినవారిలో ఎక్కువమంది ఓఈటీనే ఎంచుకున్నారు, అది ఆరోగ్య రంగంలోని వారి కోసమే తయారైన పరీక్ష కనుక. అందులో సంభాషణ భాగంలో, మార్కులు లేని చిన్న పలకరింపు తరువాత, ఒక్కొక్కటి సుమారు ఐదు నిమిషాల రెండు సన్నివేశాలు ఉంటాయి. అభ్యర్థి నర్సు, ఎదుటి వ్యక్తి రోగి లేదా రోగి బంధువు. చేతికి ఒక కార్డు ఇచ్చి, చదువుకోవడానికి మూడు నిమిషాల వ్యవధి ఇస్తారు. ఎదురుగా కూర్చున్న వ్యక్తి మార్కులు వేయరు. రికార్డింగును వేరే పరిశీలకులు విని వేస్తారు.

తరగతి మొదలుపెట్టిన తొలి మూడు నెలలు మేము తప్పు దారిలో నడిపామని ఇక్కడ ఒప్పుకోవాలి. కొందరు సభ్యులు ఒక శిక్షణ కేంద్రంలో గణనీయమైన రుసుము కట్టి తెచ్చుకున్న నమూనా సంభాషణలను అందరికీ పంచి, కంఠస్థం చేయించాము. మధుమేహ రోగికి ఒక పాఠం, శస్త్రచికిత్సకు భయపడే రోగికి ఒక పాఠం, అలా వరుసగా అప్పజెప్పించాము. ఒక సభ్యురాలు అవన్నీ తప్పు లేకుండా చెప్పగల స్థితిలో పరీక్షకు వెళ్లారు. అక్కడ రోగి పాత్రధారి సన్నివేశం మధ్యలో, ‘మా ఆయన పోయినప్పటి నుంచి నాకు వండుకోవాలనిపించడం లేదు’ అన్న అర్థం వచ్చే మాట అన్నారట. మన సభ్యురాలు ఆ మాట విన్నారు, అర్థం చేసుకున్నారు, కానీ కంఠస్థం చేసిన తరువాతి వాక్యం అప్పటికే నోట్లో ఉండడంతో, రోజుకు ఎన్నిసార్లు తినాలో చెప్పుకుంటూ పోయారు. సీ ప్లస్ వచ్చింది. ఆమె మన సమావేశంలో ఈ సంగతి చెబుతూ, ‘వార్డులో అయితే నేను అలా చేసేదాన్ని కాదు’ అన్నారు. ఆ తరువాతి ఆదివారం నుంచి నమూనా కాగితాలను పక్కన పెట్టేశాము.

దాని స్థానంలో ఏం చేయాలో చెప్పింది కూడా సభ్యులే. సందర్శక వీసాపై వచ్చి పిల్లల దగ్గర ఉంటున్న అమ్మానాన్నలను రోగులుగా కూర్చోబెట్టి, ప్రతి సన్నివేశాన్ని ముందు తెలుగులో ఆడించాము. అప్పుడు కనబడిన తేడాను నివేదికలో నమోదు చేయకుండా ఉండలేము. తెలుగులో ‘ఏమ్మా, రాత్రి నిద్ర పట్టిందా, నొప్పి కాస్త తగ్గిందా, ఏదీ, చెయ్యి ఇలా పెట్టండి’ అంటూ దగ్గరికి జరిగి మాట్లాడిన మనిషే, అదే సన్నివేశాన్ని ఇంగ్లిష్‌లో మొదలుపెట్టగానే నిటారుగా కూర్చొని, ‘పుట్ యువర్ హ్యాండ్ హియర్’ అన్నారు. అది వ్యాకరణ దోషం కాదు. తెలుగులో మర్యాద క్రియ చివర ‘అండి’లోనూ, ‘అమ్మా’, ‘బాబాయిగారూ’ అనే పిలుపులోనూ ఉంటుంది. వాక్యాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చేసరికి ఆ రెండూ రాలిపోయి, ఆజ్ఞ ఒక్కటే మిగులుతుంది. ఇంగ్లిష్‌లో ఆ మర్యాద వాక్యం మొదట్లోకి వస్తుంది: ‘కుడ్ యు జస్ట్’, ‘వుడ్ యు మైండ్ ఇఫ్’, ‘ఈజ్ ఇట్ ఆల్‌రైట్ ఇఫ్ ఐ’. కాబట్టి ఈ ఏడాది తరగతిలో ఎక్కువ సమయం, ఒక్కొక్కరి తెలుగు వాక్యంలో ఉన్న ఆదరణ ఇంగ్లిష్‌లో ఎక్కడ ఉంటుందో వెతకడానికే ఖర్చుచేశాము.

మరో చిక్కు ‘ఏం కాదులెండి’ అనే మాటతో వచ్చింది. మన ఇళ్లలో రోగికి ధైర్యం చెప్పే మొదటి మాట అది, దానిలో ప్రేమ ఉంది. కానీ ‘డోంట్ వర్రీ, నథింగ్ విల్ హ్యాపెన్’ అని చెప్పగానే, రోగి ఏ భయంతో అడిగారో ఆ భయాన్ని వినకుండా మూత వేసినట్లవుతుంది. ఓఈటీలో భాషకు సంబంధించిన నాలుగు అంశాలతో పాటు 2018 నుంచి రోగితో మాట్లాడే పద్ధతికి ఐదు అంశాల్లో మార్కులు వేస్తున్నారు. రోగితో అనుబంధం ఏర్పరచుకోవడం, రోగి వైపు నుంచి అర్థం చేసుకోవడం, మాటకు ఒక క్రమం ఉండడం, సమాచారం అడిగే తీరు, చెప్పే తీరు అనేవి ఆ ఐదు. ఇందులో రెండోది మనకు కొత్తది. మన ఆసుపత్రుల్లో చాలాసార్లు రోగిని పక్కన పెట్టి కొడుకుతోనో కూతురితోనో మాట్లాడతారు, నిర్ణయం వారే చెబుతారు. ఇక్కడ ‘మీకు దేని గురించి ఎక్కువ దిగులుగా ఉంది?’ అని రోగినే అడిగి, జవాబు వచ్చేదాకా ఆగాలి. ఆ ఆగడాన్ని అలవాటు చేసుకోవడానికి మా సభ్యులకు నెలలు పట్టింది. మౌనం వస్తే మార్కులు పోతాయన్న భయం అంత గట్టిగా నాటుకుపోయింది.

శరదృతువు నుంచి మన హాలు పక్కనే ఉండే ఇద్దరు స్థానిక ఇంగ్లిష్ పెద్దలు రోగి పాత్ర వేయడానికి ముందుకు వచ్చారు, వారికి సంఘం తరఫున కృతజ్ఞతలు. వారి వల్ల పుస్తకాల్లో లేని ఇంగ్లిష్ వినబడింది. ఈ తూర్పు మిడ్‌లాండ్స్ ప్రాంతంలో పెద్దవాళ్లు నర్సును ‘మి డక్’ అని ఆప్యాయంగా పిలుస్తారు. ఒంట్లో బాగాలేదంటే ‘పూర్లీ’ అంటారు, మూత్ర సమస్యను ‘వాటర్‌వర్క్స్’ అంటారు. ఒకప్పుడు ఇక్కడి మరుగుదొడ్లలో ఒక పెన్నీ కట్టాల్సి ఉండేది కాబట్టి ‘స్పెండ్ ఎ పెన్నీ’ అంటే అటు వెళ్లి రావడమే. మనం ‘కళ్లు తిరుగుతున్నాయి’, ‘కాళ్లు లాగుతున్నాయి’, ‘వేడి చేసింది’ అన్నట్లే ఇవీ. మన మాటలను మక్కీకి మక్కీగా మార్చి చెబితే వారికి ఎంత వింతగా ఉంటుందో, వారి మాటలు విన్న రోజునే సభ్యులకు బోధపడింది.

ఉచ్చారణ గురించి అనవసరమైన సిగ్గు చాలామందిలో ఉంది. పరీక్షలో చూసేది మాట అర్థమవుతోందా లేదా అన్నదే, యాస మార్చుకోనక్కరలేదు. అయినా కొన్నిటిపై సాధన చేశాము. ‘వార్డ్’కు పెదవులు గుండ్రంగా చుట్టాలి, ‘వెయిన్’కు కింది పెదవి పై పళ్లకు తగలాలి, మన ‘వ’ ఈ రెండింటి నడుమ ఉండిపోతుంది. ‘జీరో’లోని ధ్వని కోసం ఒక సభ్యురాలు సూచించిన చిట్కా బాగా పనిచేసింది. ‘జడ’ అన్నప్పుడు నాలుక ఎక్కడ ఆనుతుందో గమనించి, అక్కడే ఆనకుండా గాలి వదిలితే ఆ ధ్వని వస్తుంది. అంతకంటే ముఖ్యమైనది ఊనిక. ‘డయాబీటీస్’లో ‘బీ’ మీద, ‘అనీమియా’లో ‘నీ’ మీద బరువు పడకపోతే రోజూ వాడే మాట కూడా ఎదుటివారికి అందదు.

స్థిర నివాసం కోసం బీ1 (మధ్యస్థాయి) ఇంగ్లిష్ పరీక్షకు సిద్ధమైన జీవిత భాగస్వాములకు జనవరి నుంచి విడిగా ఒక గంట కేటాయించాము. వారిలో ఎక్కువమంది ఎంచుకున్న ట్రినిటీ గ్రేడ్ 5 పరీక్ష పది నిమిషాల సంభాషణ, అందులో ఒక అంశాన్ని అభ్యర్థే ఎంచుకుని వెళ్లవచ్చు. ఆవకాయ పెట్టడం నుంచి కుట్టుమిషను పని వరకు తమకు చేతనైన దాని గురించి మాట్లాడిన వారికి మాటల కొరత రాలేదు.

ఫలితాల సంఖ్యలు ఇక్కడ ఇవ్వడం లేదు. మనది చిన్న సమూహం, సంఖ్య చెప్పినా పేరు చెప్పినట్లే అవుతుంది. బీ గ్రేడు సాధించి తదుపరి ప్రాక్టికల్ పరీక్షకు సిద్ధమవుతున్నవారు ఉన్నారు, సీ ప్లస్ దగ్గర ఆగినవారూ ఉన్నారు. ఆగినవారు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. కౌన్సిల్ 2023 ఫిబ్రవరిలో చేసిన మార్పు ప్రకారం, ఒకదానికొకటి 12 నెలల లోపు రాసిన రెండు పరీక్షల ఫలితాలను, కనీస మార్కుల షరతుకు లోబడి, కలిపి చూపవచ్చు. అలాగే కొద్ది తేడాతో ఒక విభాగంలో తప్పినవారు, ఇక్కడ ఆరోగ్య, సంరక్షణ రంగంలో కనీసం ఏడాది పనిచేసి ఉంటే, యజమాని నుంచి భాషా సామర్థ్యంపై ధ్రువీకరణ సమర్పించే అవకాశం ఉంది. ఇది తెలియక మళ్లీ పూర్తి రుసుము కట్టినవారు మనలో ఉన్నారు, ఆ బాధ కార్యవర్గానిది కూడా. దరఖాస్తు పత్రాలు చూసిపెట్టడానికి ఇకపై నెలలో మొదటి ఆదివారం కార్యదర్శి అందుబాటులో ఉంటారు.

వచ్చే ఏడాది తరగతి మే మొదటి ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటలకు మొదలవుతుంది. రాత్రి డ్యూటీ ముగించి నిద్ర మానుకుని వచ్చేవారు ఉన్నందున, ఒక బృందాన్ని బుధవారం సాయంత్రానికి మార్చాలన్న ప్రతిపాదన సర్వసభ్య సమావేశం ముందుకు వస్తుంది. రోగి పాత్రకు ఇంకా నలుగురైదుగురు కావాలి. ఇంగ్లిష్ బాగా రానవసరం లేదు, ఎదుటివారు చెప్పేది అర్థం కాకపోతే ‘అర్థం కాలేదమ్మా’ అని నిర్మొహమాటంగా అనగలిగితే చాలు.

ఇట్లు
కార్యదర్శి, కార్యవర్గం తరఫున