హ్యాంగర్ వైపు కూడా చూడండి

అయ్యా,

వాయుసేనలో మహిళలు అనగానే పత్రికల్లో ఫైటర్ పైలట్ ఫొటోనే వస్తుంది. రావాల్సిందే. కానీ అమెరికా వైమానిక దళంలో అత్యున్నత హోదా అయిన నాలుగు నక్షత్రాల జనరల్ స్థాయికి చేరిన తొలి మహిళ జానెట్ వుల్ఫెన్‌బార్గర్ పైలట్ కాదు, ఇంజినీరు. అక్కడి వాయుసేన అకాడమీ అమ్మాయిలను చేర్చుకున్న మొదటి బ్యాచ్ ఆమెది, 1980లో బయటికొచ్చింది. ఎం.ఐ.టి.లో ఏరోనాటిక్స్ చదివి, ఎఫ్-22, బి-2, సి-17 విమానాల ప్రాజెక్టుల్లో పనిచేసి, 2012లో మెటీరియల్ కమాండ్ పగ్గాలు చేపట్టారు. విమానాల పరిశోధన, కొనుగోలు, మరమ్మతు చూసే ఆ కమాండ్‌లో అప్పట్లో దాదాపు 80 వేల మంది సిబ్బంది. 2015లో ఆ కుర్చీలోకి వచ్చిన ఎలెన్ పావ్లికౌస్కీ కూడా మహిళే, కెమికల్ ఇంజినీరింగ్‌లో డాక్టరేట్ చేసినావిడ!

నేను హ్యాంగర్‌లో, అంటే విమానాలు నిలిపి మరమ్మతు చేసే షెడ్డులో, పనిచేసినవాణ్ని. సర్వీసింగ్ అయ్యాక స్పానర్లన్నీ బోర్డు మీద వాటి వాటి గుర్తుల్లోకి తిరిగి చేరాలి. ఒక్కటి లెక్క తప్పినా, లోపల ఉండిపోయిందేమోనని, అది దొరికేదాకా విమానం కదలదు. ఎంత టెన్షనో! పైలట్ ఎక్కేది మా సంతకం చూశాకే.

మన వాయుసేనలోనూ 1990ల నుంచి మహిళా ఇంజినీర్లు ఉన్నారు. మీ ఆదివారం సంచికలో వాళ్లకూ ఒక పేజీ కేటాయించండి.

- ఒక విశ్రాంత వాయుసేన టెక్నీషియన్, సైనిక్‌పురి, సికింద్రాబాద్