ఆరోగ్య శాఖ మంత్రి గారికి: "ఉపవాసాలు ఉంటారా" అని ఒక్క మాట అడగమనండి

అయ్యా,

షుగర్ పేషెంట్లని ఉపవాసాలుంటారా అని ఆసుపత్రిలో అడగాలని మూడు అర్జీలు పెట్టాను. అందిందని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, అంతే. అందుకే ఇలా అందరికీ కనబడేలా రాస్తున్నాను.

మా అమ్మకి పన్నెండేళ్ళుగా షుగర్. ఆ మధ్య ఉపవాసం ఉంది, కానీ మాత్ర మానేస్తే డాక్టర్ తిడతారని పొద్దున్నే గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకుంది, పైగా ఎవరో ఇచ్చిన చూర్ణం కూడా. మధ్యాహ్నానికి చెమటతో దిండు తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి, నన్ను చూసి "ఎవరు నువ్వు?" అంది. వేలు గుచ్చి చూస్తే షుగర్ 42కి పడిపోయింది. మింగగలుగుతోంది కాబట్టి గ్లూకోజ్ నీళ్ళు పట్టించాం, పావుగంటకి గానీ నన్ను గుర్తుపట్టలేదు.

ఆ మాత్ర మనం తిన్నామా లేదా అని చూడదు, ఒంట్లో ఇన్సులిన్ ఊరేలా చేసి షుగర్‌ని తగ్గిస్తూనే ఉంటుంది. ఈ ముక్క పన్నెండేళ్ళలో మాకు ఒక్కరూ చెప్పలేదు. అమ్మ కూడా ఉపవాసం సంగతి ఆసుపత్రిలో చెప్పలేదు. ఎందుకంటే ఒకసారి చూర్ణం వాడుతున్నానంటే పదిమంది ముందు గసిరారట, అప్పటి నుంచి అక్కడ నోరు విప్పడం మానేసింది. ఇలా దాచుకుంటున్నవాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో అని నాకు టెన్షన్‌గా ఉంటుంది.

భక్తినీ మూలికల్నీ నేను తప్పు పట్టడం లేదు. షుగర్‌కి డాక్టర్లిచ్చే మెట్‌ఫార్మిన్‌కి మూలం కూడా ఒక మొక్కే. కానీ మూలికలని చెప్పి అమ్మిన కొన్ని మందుల్లో గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగర్ మందే కలిపారని పరీక్షల్లో తేలిన సందర్భాలున్నాయి. అలాంటి పొడి మాత్రకి తోడైతే, అదీ ఖాళీ కడుపున, ఏమవుతుందో మీ అధికారులకి తెలియదా? రంజాన్ ఉపవాసాల గురించి అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021లోనే వివరంగా రాసిపెట్టింది. ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టర్‌ని కలవాలని, అవసరమైతే డోసు మార్చాలని, షుగర్ 70 కంటే తగ్గినా 300 దాటినా ఉపవాసం విరమించాలని. ఏ దేవుడి కోసం పస్తున్నా ఆ మాత్ర ఒంట్లో చేసే పని ఒకటే కదా. మరి ఈ నాలుగు మాటలు ఆసుపత్రి గోడ మీద ఎందుకు లేవు?

షుగర్ కార్డులో రెండు గళ్ళు పెట్టించండి: ఉపవాసాలు ఉంటారా, వేరే మందులేమైనా వాడుతున్నారా. గసరకుండా అడగమని చెప్పండి, దయచేసి గసరకుండా. పూజారుల్నీ ఇమాముల్నీ పాస్టర్లనీ కూర్చోబెట్టి మాట్లాడండి, మా అమ్మ నా మాట కంటే వాళ్ళ మాటే వింటుంది.

వచ్చే ఉపవాసం కూడా ఉంటానంటోంది. ఆ లోపు ఆమెకి డోసు సంగతి విడమరిచి చెప్పే మనిషిని మా ఆసుపత్రిలో పెట్టించండి, దండం పెడతాను.

ఇట్లు,
ఒక షుగర్ పేషెంట్ కూతురు