మున్సిపల్ కమిషనర్ గారికి గాంధీ రోడ్డు నుంచి ఒక బహిరంగ లేఖ

అయ్యా,

గోవిందరాజస్వామి గుడి దగ్గర మా వీధిలో కిరాణా కొట్టు పోయి సెల్‌ఫోన్ కవర్ల షాపు వచ్చింది. మిక్సీ జార్లు బాగుచేసే పెద్దాయన కొట్టు ఇప్పుడు లాడ్జి రిసెప్షన్. పావు కిలో కందిపప్పుకి కూడా ఆటో ఎక్కుతున్నాం. కొత్త షాపులవాళ్లను తప్పుపట్టను, వాళ్లూ బతకాలి కదా.

నా టెన్షనంతా ఆకుకూరలమ్మే అక్క గురించే. పొద్దున్నే తడి గోనె పరిచి గోంగూర కట్టలు పేరుస్తుంది. వీధి చివర ఏదైనా జీపు ఆగితే చాలు, కొత్తిమీరంతా సంచిలో కుక్కేస్తుంది.

2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వీధి వ్యాపారాల సంగతి చూసే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. ఎవరు ఎక్కడ అమ్ముకోవాలో హద్దులు గీసే ముందు ఆ అక్కనూ పిలిచి అడగండి. పది గంటల దాకా నాలుగడుగుల చోటు చాలంటోంది.

ఇట్లు,
గాంధీ రోడ్డు వాసి, తిరుపతి